రోహిణి కార్తెలో కూడా గేమింగ్ పీసీ చల్లగా నడవాలంటే: కేబినెట్‌లో గాలి దారి ఇలా సెట్ చేస్కోండి

మే నెలొస్తే చాలు, అమలాపురం నుంచి భీమవరం దాకా సొంతంగా పీసీ కట్టుకున్న కుర్రాళ్ళందరిదీ ఒకటే గోలండి, గేమ్ మొదలెట్టిన కాసేపటికే ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి, ఫ్రేములు పడిపోతున్నాయి, లిక్విడ్ కూలర్ (ప్రాసెసర్‌ని ద్రవంతో చల్లబరిచేది) తీసుకోమంటారా అని. ఇప్పుడే ఏమీ కొనకండి. చాలా పీసీల్లో లోపం కూలర్‌లో ఉండదు, గాలి నడిచే దారిలో ఉంటుంది. లోపలికొచ్చే దారి దుమ్ముతో మూసుకుపోయుంటుంది, లేదా ఒక ఫ్యాన్ తెచ్చిన గాలిని ఇంకో ఫ్యాన్ మధ్యలోనే లాగేస్తుంటుంది, లేదా వెనక నుంచి పోయిన వేడి గాలే గోడకి కొట్టుకుని ముందుకొచ్చి మళ్ళీ లోపలికి దూరుద్ది. ఆ దారి సరిచెయ్యకుండా పదివేలు పెట్టి పెద్ద కూలర్ బిగించినా అది కూడా ఆ వేడి గాలితోనే పని చెయ్యాలి కదా. కాబట్టి కింద చెప్పిన వరసలోనే వెళ్ళండి, ఖర్చు లేని పనులు ముందు, కొనేవి ఆఖర్న.

ముందు కొలవండి

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, వేస్కుని సెన్సార్స్ ఓన్లీ అని టిక్ పెట్టి ఓపెన్ చెయ్యండి. అందులో సీపీయూ (అంటే ప్రాసెసర్) టెంపరేచర్, గ్రాఫిక్స్ కార్డ్ టెంపరేచర్, ఎస్‌ఎస్‌డీ టెంపరేచర్ ఈ మూడూ చూస్కుంటే చాలు, మిగతా వంద లైన్లు చూసి బుర్ర పాడుచేస్కోకండి. తర్వాత గదిలో టేబుల్ పక్కన చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి పెట్టండి. ఇది లేకుండా మీరు రాసుకునే ఏ అంకెకీ అర్థం ఉండదు. ఎందుకంటే పీసీలో పెట్టే ఎయిర్ కూలరైనా లిక్విడ్ కూలరైనా గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు, గది ఎంత పెరిగితే లోపల కూడా సుమారు అంతే పెరుగుద్ది. సంక్రాంతి టైమ్‌లో గది 24 ఉన్నప్పుడు సీపీయూ 66 చూపించింది అనుకోండి, తేడా 42. రోహిణి కార్తెలో గది 37 ఉంటే అదే పీసీ 79 చూపిస్తుంది, తేడా మళ్ళీ 42నే. అంటే పీసీ ఏం పాడవలేదు, ఎండ పెరిగిందంతే. అదే తేడా 42 నుంచి 52 అయ్యిందనుకోండి, అప్పుడు దుమ్మో, సీపీయూకీ కూలర్‌కీ మధ్య రాసే పేస్టో, ఫ్యానో ఏదో ఒకటి తేడా కొట్టిందన్నమాట. కాబట్టి ఎప్పుడూ తేడానే రాసుకోండి.

ప్రాసెసర్ ఎంత వేడి దాకా వెళ్ళొచ్చో ఆ హద్దులు కూడా తెలుసుకోండి, ఊరికే కంగారు పడకుండా ఉంటారు. ఇంటెల్ 12, 13, 14వ జనరేషన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకి హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 5 5600కి 90, రైజెన్ 7600ఎక్స్, 7700ఎక్స్ లాంటివాటికి 95. ఈ ఆఖరివాటిని ఫుల్ లోడ్‌లో 95 దాకా వెళ్ళేలాగే డిజైన్ చేశారు, సినీబెంచ్ (ప్రాసెసర్‌ని ఫుల్‌గా నడిపే టెస్ట్ సాఫ్ట్‌వేర్) పెట్టి 95 చూసి గుండె బాదుకోనవసరం లేదు. మామూలు గేమ్ ఆడుతుంటేనే హద్దుకి తగులుతోందంటే మాత్రం పని ఉన్నట్టే.

ఇప్పుడు మీరు రోజూ ఆడే గేమే ఒక అరగంట ఆడి నంబర్లు రాసుకోండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి మళ్ళీ అదే గేమ్ అంతే సేపు. సైడ్ తీస్తే ఏడెనిమిది డిగ్రీలు తగ్గిపోయిందంటే కేబినెట్‌కి ఊపిరి ఆడట్లేదని అర్థం. సైడ్ మళ్ళీ బిగించేసి ఈసారి ముందు ప్యానెల్ ఒక్కటీ పీకి చూడండి, దానికే బాగా తగ్గితే దొంగ దొరికినట్టే, ముందున్న అద్దం లేదా ప్లాస్టిక్ షీటే గాలిని ఆపేస్తోంది. లైట్లు బాగా కనపడతాయని ముందు అద్దం ఉన్న కేబినెట్ కొనుక్కున్నవాళ్ళు మన దగ్గర చాలామందే ఉన్నారు, మన ఎండలకి అది పనికొచ్చే సరుకు కాదు, మెష్ (సన్న కంతల జాలీ) ఉన్నదే తీసుకోవాలి. సైడ్ తీసినా ఏమీ మారలేదంటే గాలి దారి బానే ఉంది, లోపం కూలర్ దగ్గరో పేస్ట్ దగ్గరో ఉంది, అప్పుడు ఫ్యాన్ల భాగం వదిలేసి నేరుగా పేస్ట్ దగ్గరికి వెళ్ళిపోవచ్చు.

కేబినెట్ ఎక్కడ పెట్టారు

కంప్యూటర్ టేబుల్ కింద కేబినెట్ పెట్టడానికి చెక్కతో ఒక డబ్బాలాంటి అర చేస్తారు చూడండి, వెనక కూడా ప్లైవుడ్ కొట్టేసి. గేమింగ్ పీసీని అందులో పెట్టకండి. వేడి గాలి ఆ డబ్బాలోనే తిరిగి తిరిగి మళ్ళీ లోపలికి పోద్ది. వెనక గోడకి కనీసం జానెడు ఖాళీ ఉండాలి, పైన ఏదీ పెట్టకూడదు, ముందు కర్టెన్ పడకూడదు. నేల మీద కంటే చిన్న స్టూలో చెక్క పీటో వేసి పెడితే దుమ్ము బాగా తగ్గుద్ది, గది తుడిచేటప్పుడు నీళ్ళు తగలవు, వానాకాలంలో చీమలు ఎక్కడం కూడా తక్కువ.

డాబా పైన గదిలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, గదిలోకి పీసీ కూడా ఇంకో మూడు నాలుగు వందల వాట్లు వదులుద్ది. పీసీ కరెంటు ఎంత లాగితే అంతా చివరికి వేడే, ఎక్కడికీ పోదు. కిటికీలో పాత ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒకటి బయటికి తిప్పి పెట్టి, సాయంత్రం ఎండ తగ్గాక గదిలో వేడి గాలి బయటికి తోలేసి అప్పుడు గేమ్ మొదలెట్టండి, లోపల ఇంకో ఫ్యాన్ పెట్టినదానికంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

దుమ్ము

మన దగ్గర దుమ్ము మామూలు దుమ్ము కాదండి. మండపేట, రామచంద్రపురం, తణుకు వైపు రైస్ మిల్లుల ఊక బూడిద, అంబాజీపేట వైపు కొబ్బరి పీచు పొట్టు, కోతల సీజన్‌లో గడ్డి నుసి. దీనికి తేమ తోడైతే హీట్‌సింక్ (వేడి లాగే లోహపు ముక్క) రెక్కల మధ్య చాపలాగా అల్లుకుపోద్ది, ఊదితే రాదు. మెష్ ఫిల్టర్లు వేసవిలో రెండు వారాలకోసారి తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి. లోపల క్లీనింగ్‌కి బ్లోయర్ చాలు. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి పట్టుకుని మిగిలిన చార్జ్ పోనిచ్చి, పీసీని వరండాలోకి తీసుకెళ్ళి ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవాలి, లేకపోతే గాలికి అది మరీ స్పీడుగా తిరిగి బేరింగ్ పాడైపోద్ది. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ లోపల పెట్టకండి. ఎస్‌ఎంపిఎస్‌ని (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా) బయట నుంచే ఊదండి, విప్పొద్దు, ప్లగ్ తీసేసినా లోపల కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది.

గ్రాఫిక్స్ కార్డ్ కింద వెనకవైపు స్లాట్ల రేకులు ఊడదీసి అలాగే వదిలేస్తారు కొంతమంది, అవి మళ్ళీ బిగించండి. వెనక నుంచి పోయిన వేడి గాలి మళ్ళీ ఆ కంతల్లోంచే లోపలికొస్తుంది, పైగా వానలు పడగానే ఉసిళ్ళు, వాటి వెనకాలే బల్లులు. బల్లి ఒకటి ఎస్‌ఎంపిఎస్‌లో దూరితే దానితోపాటు మీ మదర్‌బోర్డ్ కూడా పోవచ్చు.

ఫ్యాన్లు ఎటు తిప్పాలి

కోనసీమలో పాత మండువా ఇళ్ళు చూసే ఉంటారు, వీధి గుమ్మం లోంచి గాలి వచ్చి, వేడంతా మండువా మీదుగా పైకి, మిగతాది పెరటి గుమ్మం లోంచి వెనక్కి పోద్ది, మధ్యలో అడ్డం ఉండదు. కేబినెట్‌కి కావాల్సింది అదే. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి.

ఫ్యాన్ గాలి ఎటు పోతుందో చూడటం తేలిక, వెనకాల ప్లాస్టిక్ కమ్మీలు, మోటార్ స్టిక్కర్ ఉన్న వైపే గాలి బయటికొస్తుంది, రెక్కలు ఓపెన్‌గా కనపడే వైపు లాగుద్ది. చాలా ఫ్యాన్ల అంచు మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. సందేహం ఉంటే అగరొత్తి వెలిగించి ఫ్యాన్‌కి కాస్త దూరంలో పట్టుకోండి, పొగ ఎటు పోతుందో తెలిసిపోద్ది, బూడిద మాత్రం లోపల రాల్చకండి. రంగుల లైట్ల ఫ్యాన్లు కొన్నవాళ్ళు లైట్ల అందం కోసం ముందు ఫ్యాన్లని కూడా తిప్పి పెట్టేస్తున్నారు, అన్నీ బయటికే ఊదుతూ లోపలికి గాలి తెచ్చేది ఒక్కటీ ఉండదు, అప్పుడు ఫిల్టర్ లేని ప్రతి సందులోంచీ దుమ్ము లాగేస్కుంటది.

ఒకే ఒక్క ఫ్యాన్ ఉంటే వెనక బయటికి. రెండు ఉంటే ముందొకటి లోపలికి, వెనకొకటి బయటికి. మూడు ఉంటే ముందు రెండు, వెనకొకటి, మన దగ్గర ఎక్కువమందికి ఇది చాలు. లోపలికొచ్చేది బయటికిపోయేదానికంటే కొంచెం ఎక్కువ ఉండాలి, అప్పుడు లోపలి గాలే సందుల్లోంచి బయటికి తోసుకొస్తుంది, దుమ్ము ఫిల్టర్ ఉన్న చోట నుంచి తప్ప రాలేదు. నాలుగోది ఉంటే పైన వెనక మూలకి, సీపీయూ కూలర్‌కి సరిగ్గా పైన లేదా ఇంకా వెనగ్గా, బయటికి. పైన ముందు మూలకి మాత్రం బయటికి ఊదే ఫ్యాన్ పెట్టకండి, ముందు ఫ్యాన్ తెచ్చిన చల్ల గాలి సీపీయూ దగ్గరికి చేరకముందే పైకి లాగేసి పారేస్తుంది. ఉన్నదల్లా పెట్టేద్దాం అని అక్కడ బిగించినవాళ్ళు దాన్ని తీసేస్తేనే టెంపరేచర్ తగ్గడం చూసి ఆశ్చర్యపోతుంటారు.

ముందు రెండు ఫ్యాన్లలో ఒకటి గ్రాఫిక్స్ కార్డ్ ఎత్తుకి సరిగ్గా ఎదురుగా, లేదా కొంచెం కిందగా వచ్చేలా చూస్కోండి. గేమ్ ఆడేటప్పుడు ఎక్కువ వేడి పుట్టేది అక్కడే, రైజెన్ 5 5600 మామూలుగా 65 వాట్ల సరుకైతే ఆర్‌టిఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు. అయినా అందరూ సీపీయూ కూలర్ మీదే డబ్బు పోస్తారు, ఎందుకో మరి.

ఒక మదర్‌బోర్డ్ హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే పిన్నుల చోటు) సాధారణంగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది, మామూలు 120 ఎంఎం ఫ్యాన్లు రెండు మూడు ఒక స్ప్లిటర్‌తో (ఒక ప్లగ్‌ని రెండు మూడుగా చీల్చే వైరు) దాని మీద నడిపేయొచ్చు, కానీ ఫ్యాన్ స్టిక్కర్ మీద ఆంపియర్లు చూసి కలుపుకుని మరీ పెట్టండి.

లోపల సామాను సర్దడం

సైడ్ ప్యానెల్ రెండూ తీసి పీసీని మంచం మీద కాకుండా గట్టి టేబుల్ మీద పడుకోబెట్టండి. కేబినెట్ ఇనుప భాగం ఒకసారి ముట్టుకుని పని మొదలెట్టండి, మన తేమలో స్టాటిక్ కరెంటు భయం తక్కువే గానీ ఏసీ గదిలో ఉంటే మాత్రం జాగ్రత్త.

వైర్లు. ముందు ఫ్యాన్లకీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ మధ్య ఏ వైరూ వేలాడకూడదు, ఇదొక్కటే అసలు రూలు. మిగతావన్నీ మదర్‌బోర్డ్ వెనకాలకి తోసేసి ట్యాగులు వేసేయండి, ఫొటోలో పెట్టేంత అందంగా లేకపోయినా పర్లేదు, వైర్లు నీటుగా ఉన్నంత మాత్రాన డిగ్రీలు పడిపోవు. వాడని హార్డ్‌డిస్క్ డబ్బా ముందు ఫ్యాన్ ఎదురుగా ఉంటే స్క్రూలు తీసి బయట పెట్టేయండి, అది గాలికి పెద్ద గోడ.

ఎస్‌ఎంపిఎస్ కిందుండి, కేబినెట్‌కి కాళ్ళు, కింద ఫిల్టర్ ఉంటే దాని ఫ్యాన్ కిందకి చూసేలా బిగించండి, బయట గాలి నేరుగా తీసుకుంటుంది. పరుపు మీదో మందం కార్పెట్ మీదో పెట్టేవాళ్ళైతే పైకి తిప్పడమే మేలు.

ర్యామ్ రెండు స్టిక్కులే ఉంటే, నాలుగు స్లాట్ల బోర్డుల్లో ఎక్కువగా సీపీయూ నుంచి లెక్కేస్తే రెండోది, నాలుగోది వాడాలి, మాన్యువల్‌లో ఒకసారి చూస్కోండి. పెద్ద టవర్ కూలర్ (సీపీయూ మీద నిలువుగా లేచే కూలర్) వేస్తే దాని ఫ్యాన్ మొదటి స్లాట్ మీదకొస్తుంది కాబట్టి ఇది ఆ రకంగా కూడా కలిసొస్తుంది.

ఎన్‌విఎంఈ ఎస్‌ఎస్‌డీని (బోర్డులో నేరుగా గుచ్చే సన్న పట్టీ లాంటిది) గ్రాఫిక్స్ కార్డ్ కింద ఇరికించకుండా, సీపీయూకి దగ్గరగా పైనున్న స్లాట్‌లో వేస్కోండి, బోర్డుతో వచ్చిన హీట్‌సింక్ పట్టీ దాని మీద బిగించండి, ఆ పట్టీ కిందున్న ప్యాడ్‌కి సన్నటి ప్లాస్టిక్ కాయితం ఉంటుంది, అది ఒలిచి మరీ. ఒలవకుండా బిగించినవి బోలెడు.

గ్రాఫిక్స్ కార్డ్‌ని మొదటి పెద్ద స్లాట్‌లోనే పెట్టండి, కింద స్లాట్‌కి మారిస్తే చల్లబడుద్దేమో గానీ చాలా బోర్డుల్లో ఆ స్లాట్ స్పీడు తక్కువ. దానికి కరెంటు ఇచ్చే 8 పిన్ కనెక్టర్లు రెండుంటే ఒకే వైరు రెండు తలల్ని కాకుండా ఎస్‌ఎంపిఎస్ నుంచి రెండు వేరు వేరు వైర్లు లాగండి. కొత్త 16 పిన్నుల (12+4) సన్న కనెక్టర్ అయితే లోపలికి పూర్తిగా కూర్చునేదాకా నొక్కాలి, కనెక్టర్ దగ్గరే వైరు మెలి తిప్పేయకూడదు, అక్కడ లూజుగా ఉండటం వల్ల కాలిపోయిన కార్డులు చాలా ఉన్నాయి. బరువు కార్డులకి కింద చిన్న ఊతం పెట్టండి.

కూలర్, పేస్ట్

పేస్ట్ రెండు మూడేళ్ళు దాటితే, లేదా పైన చెప్పిన తేడా పెరిగిపోతే మార్చండి. కూలర్ తీసేముందు పీసీని ఒక పది నిమిషాలు నడిపి వెచ్చబడనివ్వండి, పేస్ట్ మెత్తబడుద్ది. ముఖ్యంగా ఏఎం4 బోర్డులవాళ్ళు, అంటే రైజెన్ 5600, 3600 అవీ, కూలర్‌ని నిలువుగా పీకకండి, అటూ ఇటూ మెల్లగా తిప్పి లూజు చేసి అప్పుడు ఎత్తండి, లేకపోతే ప్రాసెసరే కూలర్‌కి అతుక్కుని సాకెట్ లోంచి ఊడొచ్చేస్తుంది, పిన్నులు వంగితే ఇంక చూస్కోండి. పాత పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, శానిటైజర్ వాడకండి, అందులో జిగురు సామాను ఉంటుంది. కొత్తది మధ్యలో బఠాణీ గింజంత పెడితే చాలు. కొత్త కూలరైతే అడుగున ప్లాస్టిక్ ఫిల్మ్ తీశారో లేదో చూడండి, స్క్రూలు ఎదురెదురు మూలలకి కొంచెం కొంచెం బిగించుకుంటూ రండి. టవర్ కూలర్ ఫ్యాన్ ముందు నుంచి లాగి వెనక ఫ్యాన్ వైపుకి ఊదాలి.

లిక్విడ్ కూలర్ ఇప్పటికే ఉంటే రేడియేటర్ పైన పెట్టడం మంచిది. ముందు పెట్టాల్సొస్తే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో ఉండాలి, పంపే అన్నిటికంటే పైనుంటే లోపలి గాలి బుడగలు అక్కడికే చేరి, గరగర శబ్దం వచ్చి, పంపు తొందరగా పోద్ది.

సాఫ్ట్‌వేర్‌లో చేసేది

వేడి బయటికి తోలడం కంటే అసలు పుట్టకుండా చెయ్యడం తేలిక. మీ మానిటర్ 75 హెర్ట్జ్‌దైతే గేమ్‌లో 160 ఫ్రేములు తెప్పించి ఏం చేస్తారు, ఫ్రేమ్ లిమిట్ 75 పెట్టేయండి, కార్డ్ వేడి అక్కడికక్కడే దిగుద్ది. తర్వాత ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో కార్డ్ పవర్ లిమిట్ 80 శాతానికి తగ్గించండి. 170 వాట్ల కార్డ్ 136 వాట్లకి దిగినట్టు, 34 వాట్ల వేడి తగ్గినట్టు, ఫ్రేములు మాత్రం అంత లెక్కన పడవు, ఆడుతుంటే తెలీదు కూడా. 105 వాట్ల రైజెన్లకి బయాస్‌లో (పీసీ ఆన్ అవుతుండగా తెరిచే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్) ఎకో మోడ్ ఉంటుంది, 65 వాట్ల మోడ్ పెడితే అది లాగే గరిష్ఠం 142 నుంచి 88 వాట్లకి పడిపోద్ది, గేమ్స్‌కి తేడా చాలా తక్కువ. వేసవి నుంచి ఇలా ఉంచేసి దీపావళి తర్వాత మళ్ళీ పెంచుకోండి.

ఫ్యాన్ స్పీడు విషయంలో, మదర్‌బోర్డ్ మామూలుగా కేబినెట్ ఫ్యాన్లని సీపీయూ వేడిని బట్టి తిప్పుతుంది, కానీ గేమ్‌లో కాలేది గ్రాఫిక్స్ కార్డ్ కదా. ఫ్యాన్ కంట్రోల్ అని ఇంకో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో ముందు ఫ్యాన్లని కార్డ్ టెంపరేచర్‌కి లింకు చేయొచ్చు.

తేమ, ఏసీ, ఉప్పు గాలి

నీళ్ళు పోసే ఎయిర్ కూలర్ గాలి పీసీ మీదకి తిప్పకండి. మన దగ్గర గాలిలో తేమ ఎలాగూ ఎక్కువ, అది పెద్దగా చల్లబరచదు, పైగా తడి గాలిని నేరుగా బోర్డు మీదకి కొడుతుంది. ఏసీ గదైతే మంచిదే, 1 టన్ను ఏసీ సుమారు 3500 వాట్ల వేడి లాగేస్తుంది, మీ పీసీ దానికి లెక్కే కాదు. కాకపోతే రాత్రంతా 20లో ఏసీ వేసి, పొద్దున్నే ఆపేసి కిటికీలు తెరిస్తే బయట ఉక్క గాలి చల్లటి ఇనుము మీద చెమ్మ పట్టిస్తుంది, అద్దాల మీద పట్టినట్టే. కిటికీ అద్దం చెమర్చి ఉంటే అది ఆరేదాకా పీసీ ఆన్ చెయ్యకండి.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ లాంటి సముద్రం పక్క ఊళ్ళవాళ్ళు సముద్రం వైపు కిటికీ పక్కన పీసీ పెట్టొద్దు, ఉప్పు గాలికి రెక్కలు తెల్లగా పట్టేస్తాయి, కనెక్టర్లు పాడవుతాయి. వానాకాలంలో హాస్టల్‌కి వెళ్ళిపోయి పీసీని నెలల తరబడి వదిలేసేవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా చెప్పి వారానికోసారి ఒక గంట ఆన్ చేయించండి, లోపలి వేడికి చెమ్మ ఆరిపోద్ది.

ఇవన్నీ అయ్యాక మొదట్లో ఆడిన గేమే అంతే సేపు ఆడి, గది టెంపరేచర్ తీసేసి తేడా చూస్కోండి. ఇంకా తగ్గాలి అనిపిస్తే అప్పుడు కొనండి, అదీ ఈ వరసలో: మొదట, ఫ్యాన్ లేని చోటకి ఒక మంచి 120 లేదా 140 ఎంఎం ఇన్‌టేక్ (లోపలికి గాలి తెచ్చే) ఫ్యాన్, తర్వాత ప్రాసెసర్‌తో పాటు వచ్చిన స్టాక్ కూలరే వాడుతుంటే డీప్‌కూల్ ఏకే400 లాంటి టవర్ కూలర్, అది 155 ఎంఎం ఎత్తుంటుంది కాబట్టి మీ కేబినెట్‌లో పడుద్దో లేదో కొలిచి. ముందు అద్దమే మీ దొంగ అని తేలితే ఇవేవీ కాదు, నేరుగా మెష్ కేబినెట్ కొనేయండి, పాతది ఎవరో ఒకరు లైట్ల కోసం కొనుక్కుంటార్లెండి.